తాండ్ర ఎందుకు ఆలస్యమైందంటే

మే 20 లోపు మీ ఇంటికి మామిడి తాండ్ర చేరుతుందని మార్చిలో ఆర్డర్లు తీసుకున్నప్పుడు రాశాను. చేరలేదు. 142 మందికి ఇచ్చిన మాట తప్పాను. వాళ్ళలో ముప్పై మందికి పైగా ఫోన్ చేశారు. ఇద్దరు గట్టిగానే అన్నారు, అనాల్సిందే. ఒకావిడ మాత్రం "పోనీలేమ్మా, మా అమ్మాయి అమెరికా వెళ్ళేది జూన్ పదికి కదా, అప్పటికి ఇవ్వు చాలు" అన్నారు. సరేనండీ అని ఫోన్ పెట్టేశాక గుండెల్లో రాయి పడింది. జూన్ పదికైనా ఇవ్వగలనని ఏ ధైర్యంతో అన్నాను? అందుకే ఇది రాస్తున్నాను. అమ్మా, మీరూ చదవండి, ఆ "సరేనండీ" వెనక్కి తీసుకుంటున్నాను.

గోదావరి వాళ్ళకు చెప్పక్కర్లేదు కానీ, హైదరాబాద్, బెంగళూరు నుంచి కొత్తగా కొంటున్నవాళ్ళ కోసం చెబుతాను. పండిన మామిడికాయ గుజ్జు తీసి, పీచు లేకుండా వడకట్టి, బెల్లం కలిపి తాటాకు చాప మీద పల్చగా పోస్తాం. అది ఎండాక దాని మీద ఇంకో పొర, అది ఎండాక మరొకటి. ఎండ మంచిగా ఉంటే రోజుకు ఒక పొర, మరీ మాడ్చేస్తుంటే రెండు. అరంగుళం మందం రావడానికి మాకు పది, పన్నెండు రోజులు పడుతుంది. ఆరో పొర మీద వాన పడితే ఆరో పొర ఒక్కటే పోదు. తడి కిందికి దిగుతుంది. మర్నాటికి పులిసిన వాసన, మూడో రోజుకు అంచుల వెంట బూజు. అన్ని రోజుల కాయ, బెల్లం, కూలి అన్నీ కలిసి పశువుల దగ్గరికి పోతాయి. అవి కూడా కొంత తిని ఊరుకుంటాయి.

ఈసారి మేడ మీద 38 చాపలు పరిచాం. రెండు సాయంత్రాల వానకు 31 పోయాయి.

"ఫోన్‌లో చూసుకోలేదా అండీ, ఇప్పుడు అన్నీ ముందే చెబుతున్నారుగా" అని పుణె నుంచి ఒక బాబు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. చూసుకున్నాను నాన్నా. ఆ రోజు పొద్దున మూడు చోట్ల చూశాను. ఫోన్‌తో వచ్చిన యాప్‌లో పసుపు పచ్చని ఎండ బొమ్మ. ఇంకో యాప్‌లో వాన అవకాశం 20 శాతం. వాతావరణ శాఖ వాళ్ళ బులెటిన్‌లో ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు. మూడు చూసి, నాకు నచ్చిన ఎండ బొమ్మను నమ్మాను.

ఆ "ఒకటి రెండు చోట్ల" అనే మాట మీద చాలా ఏళ్ళు నవ్వుకున్నాను. ఎక్కడో ఒకచోట పడుతుందని చెప్పడానికి ఆఫీసు ఎందుకు అని. దానికి లెక్క ఉందని ఈ మధ్యే తెలిసింది. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు వంద ఉంటే, వాటిలో 25కి మించకుండా వాన పడుతుందని దాని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50. అంటే ఆ పొద్దున వాళ్ళు నాకు చెప్పింది, వాన ఉంది, నూటికి పాతిక ఊళ్ళు మించకుండా పడుతుంది, అది మీ ఊరో పక్క ఊరో మాకు తెలియదు అని. వాళ్ళు దాచిందేమీ లేదు. నేనే దాన్ని "మన ఊళ్ళో పడదు" అని చదువుకున్నాను. సాయంత్రం రావులపాలెంలో ఉన్న మా ఆడపడుచుకు ఫోన్ చేస్తే అక్కడ దుమ్ము లేచింది కానీ చుక్క పడలేదట. ఇక్కడ మా మేడ గొట్టాల్లోంచి నీళ్ళు ధారగా దూకుతున్నాయి.

మా దగ్గర ఇరవై ఏళ్ళ నుంచి గుజ్జు తీస్తున్న పెద్దామె ఒకావిడ ఉన్నారు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసమ్మా అంటారు ఆవిడ ప్రతిసారీ. నేను ఒప్పుకోను. కొన్ని వానల రాకడ బాగానే తెలుస్తుంది. తుఫాను వస్తోందంటే నాలుగైదు రోజుల ముందు నుంచి టీవీల్లో గీతలు గీసి చూపిస్తారు. అది వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, రోజుల తరబడి బతుకుతుంది, దాన్ని పట్టుకోవడం తేలిక. అందులోనూ తేడాలు రాకపోవు. 2022 మేలో అసని తుఫాను తీరం తాకకుండా ఒడిశా వైపు తిరిగిపోతుందని మొదట అన్నారు, చివరికి బలహీనపడి మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య మన గట్టుకే వచ్చింది. అంత పెద్దదే అలా మలుపు తిరిగితే, ఎండాకాలం సాయంత్రం వచ్చే మబ్బు ఎంత? అయిదారు కిలోమీటర్ల వెడల్పు, పుట్టడం, పెరగడం, కురవడం, చావడం అంతా ఒక గంట. పొద్దున తొమ్మిదింటికి నేను ఫోన్ చూసేసరికి ఆ మబ్బు పుట్టనే లేదు.

ఎందుకు పుడుతుందో వాళ్ళకు తెలుసు. నేల కాలిపోతుంది, బంగాళాఖాతం నుంచి తేమ వస్తుంది, పైన ఎక్కడో ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తగ్గిన పట్టీ, ఉంటుంది. వేడిగాలి తేమను ఎత్తుకుని పైకి పోయి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున మబ్బు కడుతుంది. పేపర్లో క్యుములోనింబస్ అని రాస్తారే, అదే. ఈ జిల్లాలో ఈ సాయంత్రం అలాంటివి లేస్తాయని చెప్పగలరు. ఏ ఊరి మీద లేస్తుందంటే చెప్పలేరు. పొయ్యి మీద బెల్లం పాకం పెట్టి, ఇంకో పది నిమిషాల్లో పొంగుతుందని నేనూ చెప్పగలను. మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుందని అడిగితే? కంప్యూటర్లు కూడా దేశాన్ని గళ్ళు గళ్ళుగా కోసి లెక్కేస్తాయి. మొన్నటి దాకా ఒక్కో గడి 12 కిలోమీటర్లు, 2025 మేలో మన వాళ్ళు తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కిలోమీటర్లు. చాలా మెరుగే. కానీ మబ్బే అంత ఉంటే గడి అంత ఉండీ లాభమేంటి? వల కన్ను కంటే చేప చిన్నది.

ఇక రాడార్. ఇది మాత్రం నిజంగా పనికొస్తుంది. మచిలీపట్నంలో ఒకటి, విశాఖలో ఒకటి ఉన్నాయి. మబ్బు పుట్టాక అది ఎటు పోతోందో చూసి, వచ్చే రెండు మూడు గంటలకు హెచ్చరిక ఇస్తారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి మండలం పేరుతో ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మచిలీపట్నం మాకు దాదాపు వంద కిలోమీటర్లు, అంత దూరం వచ్చేసరికి రాడార్ చూపు నేల నుంచి బాగా ఎత్తుకు పోతుంది, కింద జరిగేది కొంత తప్పిపోతుంది. అయినా నాకు చాలా నయం. మరి చాపలు ఎలా పోయాయి అంటారా. ఇప్పుడు అసలు తప్పు చెబుతాను.

అంతకు ముందు తొమ్మిది రోజుల్లో నాలుగు సార్లు మెసేజ్ వచ్చింది. నాలుగు సార్లూ టార్పాలిన్లు కప్పాం. నాలుగు సార్లూ వాన రాలేదు. కప్పితే పోయేదేముంది అనుకోవద్దు. మధ్యాహ్నం రెండింటికి ఎండ ఉండగా కప్పితే లోపల ఉక్కకి టార్పాలిన్‌కే నీళ్ళు పట్టి ఆ చెమట తాండ్ర మీదే కారుతుంది. ఆ పూట పొర ఆరదు, మర్నాడు దాన్ని ఆరబెట్టడంతోనే సరిపోతుంది, కొత్త పొర పోయడానికి ఉండదు. అంటే వాన రాకపోయినా నాకు రోజున్నర పోయింది. నాలుగు సార్లు కలిపితే ఆరు రోజులు. మీ మే 20 సగం అక్కడే పోయింది. అయిదోసారి మెసేజ్ వచ్చినప్పుడు పైకి చూశాను. ఆకాశం శుభ్రంగా ఉంది. "వీళ్ళకి రోజూ ఇదే పని" అని ఫోన్ పక్కన పెట్టేశాను. నాలుగున్నరకు పడమట నల్లగా లేచింది. అయిదింటికి గాలి.

మా ఆయన ఇప్పటికీ ఆ మెసేజ్ చూపించి ఆటపట్టిస్తారు. నాకు నవ్వు రాదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా చెప్పాలి, తాండ్ర కంటే అదే ముఖ్యం. గాలి మొదలవగానే పనివాళ్ళు నలుగురినీ పైకి పంపాను, చాపలు ఎత్తమని. నేనూ ఎక్కాను. ఏడు చాపలు దించేసరికి ఎదురింటి దొడ్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. మొవ్వు అంటుకుని మండింది. మేడ మీద, తడి చాపలు పట్టుకుని, ఊళ్ళో అందరికంటే ఎత్తున అయిదుగురు ఆడవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పనివాళ్ళకు ఒక మాట చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఉరుము వినపడితే మేడ మీద ఒక్కరూ ఉండరు. చాపలు ఎక్కడివి అక్కడ వదిలేసి దిగాలి. పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో చెప్పే దామిని యాప్ ఇప్పుడు ఇద్దరి ఫోన్లలో పెట్టించాను. రెండో సాయంత్రం పోయిన చాపలన్నీ అలా వదిలేసినవే. వాటి గురించి నాకు బాధ లేదు. మీలో ఎవరికైనా ఉంటే, దయచేసి ఆర్డర్ రద్దు చేసుకోండి, ఏమీ అనుకోను.

ఇంకో సంగతి. మిగిలిన తాండ్రలో కొంత, తొందరపడి, లోపల పూర్తిగా ఆరకుండానే పదకొండు మందికి పంపాను. పైన గట్టిగా ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను. ముగ్గురి దగ్గర బూజు పట్టింది, ఫొటోలు పంపారు. మిగతా ఎనిమిది మందికీ నేనే ఫోన్ చేసి పారేయమన్నాను. "బాగానే ఉందండీ, తినేశాం" అని ఇద్దరన్నారు. వాళ్ళతో సహా పదకొండు మందికీ డబ్బు వెనక్కి పంపాను.

డ్రైయర్ కొనుక్కోవచ్చుగా అని చాలామంది సలహా ఇస్తున్నారు. తెలిసినవాళ్ళ దగ్గర సోలార్ డ్రైయర్‌లో రెండు ట్రేలు ఆడించి చూశాం. వేడి ఎక్కువై పైన తోలు కట్టింది, లోపల జిగట అలాగే ఉంది. సన్న పొరలుగా, తక్కువ వేడి మీద పోస్తే కుదరొచ్చేమో, వచ్చే ఏడాదికి చూస్తాను. చల్ల మిరపకాయలకు, గుమ్మడి వడియాలకు మాత్రం అది బ్రహ్మాండంగా ఉంది. వాటిని ఈ వారం నుంచే అందులో ఎండబెడుతున్నాం, కాబట్టి అవి ఆలస్యం కావు. రుచిలో తేడా మాకు తెలియలేదు. మీకు తెలిస్తే చెప్పండి.

ఇప్పుడు రోహిణి కార్తె. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత, తాండ్ర పోసేవాళ్ళకు అంతకంటే మంచి రోజులు ఉండవు. మామూలుగా అయితే అంతే. కానీ 2025 మర్చిపోలేదు. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 27కి కేరళ తాకుతాయని, నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చని ముందే చెప్పారు. 24నే తాకాయి, 26కి రాయలసీమలో అడుగుపెట్టాయి. వాళ్ళ లెక్క తప్పలేదు, చెప్పిన హద్దులోనే వచ్చాయి. హద్దు చెవికెక్కించుకోకుండా 27 ఒక్కటే గుర్తుపెట్టుకున్నది నాలాంటి వాళ్ళు. నేను మీకు మే 20 అని ఒక్క తేదీ చెప్పి, అటూ ఇటూ చెప్పకపోవడం కూడా అలాంటి పనే.

అందుకని ఇక తేదీ ఇవ్వను. ఈదురు గాలులకు కాయ బాగా రాలిపోయి తోటల్లో ధర పెరిగింది, అయినా పాత ఆర్డర్లకు పాత ధరే. కొత్త ఆర్డర్లు ప్రస్తుతానికి తీసుకోవడం లేదు. మేడ మీద ఇప్పుడు 24 చాపలు ఉన్నాయి, నాలుగో పొర నడుస్తోంది. వరుసగా ఎనిమిది ఎండలు దొరికితే, ముందు ఆర్డర్ ఇచ్చిన అరవై మందికి సరిపోతుంది. దొరకకపోతే లేదు. వర్షాకాలం ముందే దిగితే మిగతా వాళ్ళకు ఈ ఏడాదికి తాండ్ర ఉండదు, మీ డబ్బు అడగకుండానే వెనక్కి వస్తుంది. ఆగడం ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి, రెండు రోజుల్లో వేసేస్తాను. తాండ్రకు బదులు వడియాలు, ఆవకాయ కావాలన్నా సరే. ఆవకాయ వాన మొదలవకముందే కలిపేశాం, ముక్కకు తడి తగల్లేదు.

జూన్ పదికి ప్రయాణం ఉన్న అమ్మాయి వాళ్ళమ్మగారూ, మీది మొదటి చాప. అది తయారైన రోజు ఫోన్ చేస్తాను. చేయకపోతే ఎనిమిదో తారీఖుకు మీరే చేయండి, ఉన్నదున్నట్టు చెబుతాను.