పక్కన కూర్చునే నేస్తమూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

దివ్యాంగులైన పిల్లలు, ఇతర పిల్లలు కలిసి చదువుకునే విధానమే సమ్మిళిత విద్య అని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్వచించింది. ర్యాంపులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడ్పడే భవిత కేంద్రాలు, బ్రెయిలీ పుస్తకాలు తప్పక ఉండాల్సినవే. అయితే మధ్యాహ్న భోజనం వేళ వినికిడి లోపమున్న అమ్మాయి రోజూ ఒక్కతే కూర్చుని తింటుంటే, ఆ ఒంటరితనాన్ని ఈ సదుపాయాలేవీ తీర్చలేవు. తోటి పిల్లలకు ప్రార్థన సమయంలో కొన్ని సైగలు నేర్పడం, చూపులేని విద్యార్థి కూడా ఆడగలిగేలా చప్పుడు చేసే బంతితో ఆటలు పెట్టడం, పాఠాలకు జంటలను వంతులవారీగా మార్చడం పెద్దగా ఖర్చులేని పనులు. సాయపడే బాధ్యతను ఏడాది పొడవునా ఒకే విద్యార్థికి అంటగడితే స్నేహం కాస్తా ఇద్దరికీ భారమవుతుంది. లెక్కల్లో చురుకైన దివ్యాంగ విద్యార్థికి తోటివారికి నేర్పే అవకాశమూ దక్కాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఈ అంశానికి చోటివ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయనగరం