పడవలోంచి పడితే ఏం చేయాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల పేజీల్లో రివర్ రాఫ్టింగ్, వేడినీటి బుగ్గలు అంటూ ఫొటోలు తెగ వేస్తున్నారు, బాగానే ఉంది, కానీ నీళ్లలో పడితే ఏం చేయాలో ఒక్క ముక్క కూడా రాయరేం? పోయినేడు నేను పడ్డాను. మా గైడు గట్టు మీద రెండు నిమిషాలు ఏదో గొణిగి పడవ ఎక్కించేశాడు. పడగానే ఎవరికైనా కాళ్లు కింద ఆనించి లేచి నిలబడాలనే అనిపిస్తుంది, అదే ప్రాణం మీదికి తెచ్చేది, ఎందుకంటే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాలివేళ్లు నీటిపైన కనపడేలా, పాదాలు ప్రవాహం పోయే వైపు పెట్టాలి. నాకది వెనక పడవలో ఆవిడ అరిచి చెబితే తెలిసింది!

నది ఉరవడిని బట్టి 1 నుంచి 6 దాకా గ్రేడ్లుంటాయి, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. నిన్న 3 అన్న చోటే రాత్రి గట్టి వాన పడితే ఇవాళ 4 కావచ్చు, కాబట్టి ఆ పూట నీటిమట్టం ఎంతో అడగాలి. లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టి లాగితే చెవుల దాకా వచ్చిందంటే అది వదులే.

ఇక వేడినీటి బుగ్గ. ఒళ్లు నొప్పులకు హాయే, కాదనను. ఎక్కువసేపు కూర్చుంటే మాత్రం బీపీ పడిపోయి లేవగానే కళ్లు తిరుగుతాయి. తల అసలు ముంచకండి. నెగ్లీరియా అనే అమీబా అలాంటి నీళ్లలో ఉండొచ్చు, ముక్కులోంచి మెదడుకు పోతుంది. అరుదే, కానీ వస్తే బతకడం చాలా కష్టం.

ఈసారి ఫొటో కాస్త చిన్నది చేసి ఇవి వేయండి.

– ఓ పాఠకుడు