ఫువహ్ములా బోటులో కలిసిన గుంటూరు అన్నకి థాంక్స్

మాల్దీవుల్లో ఫువహ్ములా దీవి దగ్గర టైగర్ షార్క్ డైవ్‌కి వచ్చిన గుంటూరు అన్నా, బోటు హడావిడిలో మీ పేరు తెలియలేదు, మాది విజయవాడ పటమట, ఎవరో ఒకరు మీకు చూపిస్తారని రాస్తున్నా.

దిగడం మొదలవగానే నాకు చెవులు పట్టేశాయి. పది మీటర్ల లోతుకే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అయిపోతుంది కదా, భరించలేని నొప్పి, గైడ్ ఏమో ముందున్న వాళ్ళని చూసుకుంటున్నాడు. మీరే గమనించి వెనక్కొచ్చి, చెయ్యి పట్టుకుని కాస్త పైకి తీసుకెళ్ళి, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదమని సైగ చేసి, నొప్పి పోయేదాకా నా పక్కనే ఉన్నారు, అంత ఖర్చు పెట్టుకుని వచ్చిన మీ డైవ్‌లో సగం నాకోసమే పోయింది.

తర్వాత ఆ చారల షార్క్ మా ముందు నుంచి వెళ్తుంటే మీరు బోటులో చెప్పినట్టే చేతులు దగ్గరికి పెట్టుకుని, దాని మీద నుంచి చూపు తిప్పకుండా ఉన్నా. ఎంత అందంగా ఉందో అన్నా! మాల్దీవుల్లో 2010లో షార్కుల వేట నిషేధించారని మీరు చెప్పాకే నాకు తెలిసింది.

ఇంకోటి, అన్ని డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు, ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదకి వస్తుందని చెప్పి మా టికెట్లు కూడా దగ్గరుండి మార్పించారు. సొంత అన్నయ్య కూడా ఇంతకన్నా చెయ్యడు.

అమ్మ మిమ్మల్ని ఇంటిల్లిపాదీ భోజనానికి రమ్మంటోంది, బెజవాడ వస్తే తప్పకుండా రావాలి.