అటవీ శాఖ మంత్రి గారికి: కాలింది ఎండాకులే అనుకోకండి

తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అచ్చంపేట నుంచి రాస్తున్నాను. నల్లమలలో అగ్గి అంటుకున్న ప్రతిసారీ ఇక్కడ ఒకే మాట వింటాం: "ఎండాకులే కదా కాలింది, చెట్లకేం కాలేదు." ఆ ఎండాకుల గురించే ఈ ఉత్తరం.

పొన్నంకి పిట్ట మీకు తెలిసే ఉంటుంది, హిందీలో నవరంగ్ అంటారు. నిరుడు జూన్‌లో, తొలకరి పడిన మర్నాడు, ఉమామహేశ్వరం కొండ కింద చూశాను. ఇంకా సరిగా తెల్లారలేదు. ముందు రెండు విరుపుల ఈల వినిపించింది. తర్వాత పొద కింద ఆకులు కదిలాయి. పిడికెడు పిట్ట. రెండు గెంతులు వేసి ఆగుతోంది, ముక్కుతో ఆకును పక్కకు విసురుతోంది, దాని కింద ఎర్ర దొరికితే లాగుతోంది. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్ల పట్టీ, రెక్క మీద నీలం, పొట్ట కింద ఎరుపు, ఉందా లేదా అన్నంత తోక. ఇన్ని రంగులున్నా, కదలకుండా నిలబడితే ఆకుల్లో కలిసిపోయింది. నేను ఊపిరి బిగపట్టి చూశాను.

చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, వానలకు ముందు రాత్రిళ్లు ఎగురుకుంటూ ఉత్తరానికి వస్తుంది. వానాకాలంలోనే పిల్లలు. ఎండాకులు, గడ్డి, పుల్లలు కూర్చి, పక్కన వాకిలి పెట్టి, బంతిలాంటి గూడు కడుతుంది. అదీ నేల మీదో, చేతికందే కొమ్మ మీదో. నాలుగైదు గుడ్లు. తల్లీ తండ్రీ కలిసే పొదుగుతాయి, కలిసే మేపుతాయి. ఆ మేతంతా ఆకుల కిందిదే. ఎండాకాలం మంటల్లో ఆ పొర బూడిదైతే జూన్‌లో వచ్చిన పిట్టకు గూటికి సామానూ లేదు, పిల్లలకు తిండీ లేదు. చెట్లు మాత్రం నిలబడే ఉంటాయి, అందుకే నష్టం ఎవరి కంటా పడదు.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసినప్పుడు మా ఊళ్లన్నీ సంతోషించాయి. అడవి కోసం అంత పెద్ద మాట చెప్పిన సభ ఈ చిన్న పని కూడా చేయించగలదు.

మా నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. ఫైర్ లైన్లు, అంటే మంట పాకకుండా ఆకులూ గడ్డీ తీసేసిన పట్టీలు, జనవరి దాటకముందే పూర్తి కావాలి. అగ్గి ఆర్పే చెంచు యువకులకు ఏ నెల జీతం ఆ నెలే అందాలి, మొదటి వాన పడేదాకా వాళ్లను పనిలో ఉంచాలి. శివరాత్రికీ సలేశ్వరం జాతరకూ వచ్చే భక్తులు అడవిలో పొయ్యి పెట్టకుండా, బీడీ పారేయకుండా దారి పొడవునా మనుషుల్ని పెట్టండి. నష్టం రిపోర్టులో చెట్ల లెక్కతో పాటు కాలిన నేల ఎంతో కూడా రాయించండి.

ఈసారి తొలకరి పడ్డాక ఒకసారి ఉమామహేశ్వరం రండి సార్. ఆరింటికి ముందే రావాలి.

ఇట్లు,
అచ్చంపేట వాసి
నాగర్‌కర్నూల్ జిల్లా