మన సంఘం వార్షిక నివేదిక: ఈసారి మైకు పిల్లల చేతికిచ్చాం

ఒడిశాలోని రాయగడ ప్రాంతపు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, కార్తీక వనభోజనాలు, రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మ చైత్ర పండుగకి మజ్జిగ పందిరి ఎప్పట్లాగే జరిగాయి, వనభోజనాల్లో పులిహోర చాల్లేదన్న ఫిర్యాదు కూడా ఎప్పట్లాగే వచ్చింది. జమాఖర్చుల కాగితం సర్వసభ్య సమావేశంలో పంచుతాం. నేను కాస్త ఎక్కువగా రాయాలనుకున్నది, కాలేజీలో కొత్తగా చేరబోయే పిల్లల కోసం రాయగడలో పెట్టిన ఆదివారం సమావేశం గురించి.

నిరుడు నేనూ మరో ఇద్దరు పెద్దలూ క్రమశిక్షణ, లక్ష్యం అంటూ గంటన్నర ఊదరగొట్టాం. వెనక బెంచీలు ఫోన్లు చూసుకున్నాయి, ముందు బెంచీలు సమోసాల వైపు చూశాయి. తప్పు మాదే. అందుకే ఈసారి, ఇక్కడే ప్లస్ టూ చదివి విశాఖ, భువనేశ్వర్, బరంపురం వెళ్ళిన మన పిల్లల్నే మాట్లాడమన్నాం, పెద్దలు నోరు మెదపకూడదని షరతు పెట్టి.

మొదట లేచినమ్మాయి ఉపన్యాసం మొదలెట్టకుండా సంచీలోంచి జిప్పున్న ప్లాస్టిక్ ఫైలు తీసి బల్లమీద పరిచింది. మార్కుల షీట్లు, కాలేజీ వదిలినట్టు ఇచ్చే సీఎల్‌సీ, ఒడిశా ప్లస్ టూ బోర్డు సీహెచ్‌ఎస్‌ఈ వాళ్ళ మైగ్రేషన్ సర్టిఫికెట్, కుల, ఆదాయ పత్రాలు, ఒక్కోదానికి ఐదేసి జిరాక్సులు, కవరు నిండా ఫొటోలు. "ఒరిజినల్స్ చూపించండి, వెనక్కి తెచ్చుకోండి, అక్కడ మాత్రం వదిలెయ్యొద్దు" అంది. తను మొదట చేరిన కాలేజీ నచ్చక మారబోతే అక్కడివాళ్ళు సర్టిఫికెట్లు నెలల తరబడి తిప్పించారట. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చిందని ఆ తర్వాతే తెలిసింది. ఆ ఆఫీసు కిటికీ ముందు ఎన్ని మధ్యాహ్నాలు నిలబడిందో చెబుతుంటే వాళ్ళమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

తర్వాత వచ్చిన విషయంలో నాకూ చీవాట్లు పడ్డాయి. ఆంధ్రా ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం అక్కడి స్థానికులవే, మిగతా 15 శాతానికి పోటీ పడాలన్నా, ఇక్కడే చదివిన మన పిల్లల విషయంలో తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడ మొత్తం పదేళ్ళు ఉన్నట్టు నివాస పత్రం చూపించాలి. మా తమ్ముడు బొబ్బిలిలో పుట్టి పెరిగి ఇక్కడి పేపరు మిల్లుకొచ్చినవాడు కాబట్టి వాడి కొడుక్కి ఆ దారి ఉంది. "కౌన్సెలింగ్ అప్పుడు చూద్దాంలేరా" అన్నది నేను! కాగితం కోసం ఆఖరి వారంలో బొబ్బిలి పరిగెత్తాం, అందలేదు, ఏడాది పోయింది. పైగా ఒడిశా కుల పత్రంతో ఆంధ్రాలో రాష్ట్ర కోటా రాదు, ఇది కూడా ముందే తెలిసుంటే ఇంట్లో లెక్కలు వేరేలా వేసుకునేవాళ్ళం.

భాష గురించి మాట్లాడింది విశాఖలో చదివే కుర్రాడు. మనింట్లో తెలుగు గలగలా మాట్లాడతాం గానీ బడిలో చదివింది ఒడియా, కాబట్టి చాలామందికి తెలుగు అక్షరాలు రావు. సిటీ బస్సు బోర్డుని ఫోన్లో ఫొటో తీసి రూమ్మేటుకి పంపి "ఇది ఎక్కనా?" అని అడిగేవాడట, జవాబొచ్చేలోపు బస్సు వెళ్ళిపోయేది. హాల్లో అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. మొదటి నెలంతా "నువ్వు ఒరియావాడివా?" అని అడిగారని, అవునూ కాదూ రెండూ చెప్పాడని, ఆ నెలలో ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉన్నానని అబద్ధమాడాడని చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మిగతావి చిన్నవే, కానీ రాసుకోండి. ర్యాగింగ్ అనిపిస్తే 1800-180-5522కి ఫోన్ చెయ్యండి. హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్ష దగ్గర ఇబ్బంది, ప్రాక్సీలని నమ్ముకోవద్దు. స్కాలర్‌షిప్ పడాలంటే బ్యాంకు ఖాతాకి ఆధార్ జతయి ఉండాలి, చివరి తేదీ రోజు సైటు తెరుచుకోదనుకోండి. భువనేశ్వర్ వెళ్ళేవాళ్ళు హీరాఖండ్ రైలు టికెట్టు పండగలకి ముందే చేయించుకోవాలని వేరే చెప్పాలా?

ఒక తండ్రిగారు షరతు మర్చిపోయి మధ్యలో లేచి, "బాబూ, మరి చదువెప్పుడు?" అన్నారు. "అది మీరు నిరుడే చెప్పేశారు కదా అంకుల్" అని ఎవరో వెనకనుంచి అన్నారు, ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు.

వచ్చే ఏడాది సమావేశం ఫలితాలొచ్చిన మొదటి ఆదివారమే పెడతాం. అక్షరాలు రాని పిల్లలకి వేసవిలో రోజూ గంటసేపు తెలుగు చెప్పడానికి ఇద్దరు టీచరమ్మలు ఒప్పుకున్నారు, కావలసిందల్లా ఫ్యాను తిరిగే గది. మీ ఇంట్లో ఉంటే కోశాధికారి గారికి చెప్పండి.