తిరిగొచ్చే విరాళానికి ప్రామిసరీ నోటు ఎందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కుట్టు మిషన్లు, తోపుడు బళ్లు, పాడి గేదెలు పంచిన ఫొటోలు మన జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. ఈమధ్య ఆ పంపిణీల వెనక కొత్త మాట ఒకటి వినబడుతోంది: రికవరబుల్ గ్రాంట్. కొందరు రిటర్నబుల్ గ్రాంట్ అంటున్నారు. పద్ధతి మంచిదే. మా వైపు దాన్ని నడుపుతున్న తీరు మీదే నా అభ్యంతరం.

ముందు అదేమిటో చెప్పాలి. డబ్బు తీసుకున్నవాళ్లకే అది అప్పో దానమో తెలియడం లేదు మరి. దాత ఇచ్చిన సొమ్ము ఒక స్వచ్ఛంద సంస్థ ఖాతాలో పడుతుంది. సంస్థ దాన్ని ఫలానా పనికని ఒకరి చేతిలో పెడుతుంది. పని నిలదొక్కుకుని నాలుగు రూపాయలు మిగిలితే తీసుకున్నంతా మెల్లగా తిరిగి కట్టాలి. వడ్డీ లేదు, తాకట్టు లేదు, జామీను లేదు. పని దెబ్బతింటే ఆ డబ్బు మామూలు గ్రాంటు కింద రాసేసి లెక్క మూసేస్తారు. కట్టడం మాట మీద నిలబడే బాధ్యతే కానీ కోర్టుకు లాగే బాకీ కాదు. వెనక్కి వచ్చిన సొమ్ము దాత జేబులోకి పోదు, ఇంకో మనిషి చేతికి వెళుతుంది. కరోనాకు పనులు పోయిన చిన్న వ్యాపారుల కోసం, చేతివృత్తుల వాళ్ల కోసం 2020లో సంహిత అనే సంస్థ ‘రివైవ్’ పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమం ఈ పద్ధతిలోనే నడిచింది.

ఇప్పుడు మా ఊరి సంగతి. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చూడనివాళ్లు నెల్లూరు జిల్లాలో తక్కువ. నర్ది, బిక్కి, కల్ది కర్రతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని చేసే ఒకావిడ ఈమధ్య ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇలాంటి కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఒక ట్రస్టు లేత్ మిషన్ కొనుక్కోమని ఆమెకు నలభై వేలు ఇచ్చింది. కాగితం ఒకవైపు ఇంగ్లీషులో గ్రాంటు లెటరు. దానికి గుండుసూదితో గుచ్చి ఇంకో కాగితం, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద అడ్డంగా ఆమె సంతకం. తేదీ గడి ఖాళీ. “సార్, ఇది కట్టాల్సిందేనా? సాయం అని చెప్పే ఇచ్చారు, సంతకం పెట్టమంటే పెట్టేశాను” అంది.

డబ్బు కడతానన్న కాగితానికి స్టాంపు అంటించి సంతకం పెట్టించుకున్నాక దాన్ని గ్రాంటు అని ఎలా పిలుస్తారు? అది ప్రామిసరీ నోటు. దాని మీద వేసుకున్న తేదీ నుంచి మూడేళ్లలోపు ఎప్పుడైనా దావా వేయొచ్చు. లెటర్లో “చెల్లించలేకపోతే మినహాయింపు” అని ఒక ముక్క ఉన్న మాట నిజమే. చెల్లించలేకపోవడమంటే ఏమిటో, ఎవరు తేలుస్తారో, ఎప్పటిలోగా తేలుస్తారో ఎక్కడా లేదు. ఈ పద్ధతికి ప్రాణమంతా ఆ మూడు సంగతుల్లోనే ఉంది. ఉదాహరణకు ఇలా రాయొచ్చు: మొదటి ఆరు నెలలు ఏమీ కట్టక్కర్లేదు. ఆ తర్వాత ఖర్చులన్నీ పోను నెలకు ఎనిమిది వేలు దాటి మిగిలితే, దాటిన దాంట్లో సగం కట్టాలి. రెండేళ్లయినా ఆ మేరకు ఆదాయం రాకపోతే మిగతాది గ్రాంటే, ఇక అడగం. అంకెలు ఏవైనా కావచ్చు. తెలుగులో, ఒకే పేజీలో, డబ్బు చేతికి రాకముందే రాసుకోవాలి.

“ఇచ్చేదేదో ఇచ్చేయక మళ్లీ అడగడమెందుకు?” అనేవాళ్లున్నారు. దానికి నా దగ్గర ఉన్న జవాబు బ్యాంకు లెక్కే. నాలుగు లక్షలు పది మందికి పంచేస్తే పది లేత్ మిషన్లతో కథ ముగిసింది. అదే పదిలో ఏడు వంతులు తిరిగొస్తే ఇంకో ఏడుగురికి ఇవ్వొచ్చు, వాళ్ల నుంచీ ఆ లెక్కనే వస్తే మరో నలుగురికి. మూడు విడతలకే ఇరవై ఒక్క మంది. పదిలో మూడు వంతులు పోయినా సరే అనుకుని లెక్క వేసినప్పటి మాట ఇది. పైసా పోకూడదనుకునే దాత బ్యాంకులో డిపాజిట్ వేసుకోవడం మేలు. వడ్డీ లేదు కాబట్టి ధరలు పెరిగేకొద్దీ అదే నలభై వేలకు వచ్చే మిషన్ చిన్నదైపోతుందన్నది కూడా నిజం. నిధిలోకి అప్పుడప్పుడూ కొత్త విరాళం పోస్తుండాల్సిందే.

ఈ తరహా మనకు బొత్తిగా కొత్త కూడా కాదు. సారా వ్యతిరేక ఉద్యమం దూబగుంటలో రాజుకుని, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చిన రోజుల్లో, ఇదే నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు నిలబెట్టారు. తర్వాత వెలుగు పథకంలో సామాజిక పెట్టుబడి నిధి వచ్చింది. ప్రభుత్వం పొదుపు సంఘాల సమాఖ్యకు ఇచ్చింది గ్రాంటే. సంఘాల వాళ్లు వాడుకుని కడితే సమాఖ్యలోనే ఉండి తిరుగుతుంది, ఖజానాకు పోదు. ముస్లింలలో వడ్డీ లేకుండా ఇచ్చి, ఇబ్బందుల్లో ఉన్నవాడికి గడువు పెంచడమో వదిలేయడమో చేసే ఖర్జె హసనా సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది.

అయితే 2010నీ మర్చిపోకూడదు. మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయాయని ఊరూరా గగ్గోలు లేచాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. నూటికి ఇంత వడ్డీ అన్న బాధ ఒకటైతే, సంఘంలో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు వాళ్ల గడప ముందు కూర్చోవడం అంతకు మించిన బాధ. రికవరబుల్ గ్రాంటులో అలాంటిది నీడకు కూడా రాకూడదు. సంఘం హామీ వద్దు. మీటింగులో పేర్లు చదవొద్దు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో సంస్థ పుస్తకంలోనే ఉండాలి. ఆకలికి, మందులకు, ముసలివాళ్లకు ఇచ్చే డబ్బు మీద ఈ పేరే పెట్టకూడదు. ఆదాయం తెచ్చే పనికి తప్ప ఇది పనికిరాదు.

దాతలతో కూడా ఒక మాట. తిరిగొచ్చిన సొమ్ము మీ ఖాతాకే రావాలనుకుంటే మీరు చేబదులు ఇచ్చినట్టు. ఇవ్వండి, తప్పులేదు, కానీ దానికి పన్ను రాయితీ కోసం 80జీ రసీదు అడగకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడ డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో, అంటే దాత సలహా మేరకు పంచేందుకు ఒక ధర్మసంస్థ దగ్గర ఉంచే నిధిలో, వేసిన రోజే ఆ సొమ్ము దానం కింద లెక్క. పన్ను రాయితీ ఆ ఒక్కసారే. అందులోంచి ఇచ్చిన రికవరబుల్ గ్రాంటు తిరిగొస్తే మళ్లీ ఆ ఫండ్‌లోకే చేరుతుంది, సొంత ఖాతాలోకి రాదు. మన కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద కంపెనీలు లాభాల్లోంచి సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేసే రెండు శాతం విషయంలోనూ నిబంధన స్పష్టంగానే ఉంది: సీఎస్ఆర్ పనిలో ఏం మిగిలినా కంపెనీ లాభంలో కలుపుకోకూడదు. తిరిగొచ్చే అసలుకూ అదే న్యాయం వర్తించాలని నా అభిప్రాయం. కృష్ణపట్నం చుట్టుపక్కల ఇచ్చినది అక్కడి ఊళ్లలోనే, చీమకుర్తిలో ఇచ్చినది చీమకుర్తిలోనే తిరగాలి. ట్రస్టులు తిరిగొచ్చిన దాన్ని లెక్కల్లో చూపకుండా దాటేయడమూ కుదరదు. ధర్మసంస్థలు ఇచ్చే స్కాలర్‌షిప్ అప్పుల విషయంలో ప్రత్యక్ష పన్నుల బోర్డు 1973లోనే చెప్పింది: ఇచ్చినప్పుడు ఖర్చు, తిరిగొచ్చిన ఏడాది ఆదాయం.

ఇంకొకటి, ఎవరూ ఇష్టపడనిది. ఊళ్లు తిరిగి, ఆర్డర్లు వస్తున్నాయో లేదో కనుక్కుని, ఎవరికి గడువు పెంచాలో ఎవరి లెక్క మూసేయాలో చూసేందుకు ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి జీతాన్ని గ్రాంటులో కోస్తే వసూళ్ల మీద పడతాడు. దాన్ని విడిగా, తిరిగిరాని విరాళంగానే ఇవ్వాలి. ఫ్లెక్సీలకయ్యే ఖర్చు అటు మళ్లించినా చాలావరకు సరిపోతుంది!

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇలాంటి పంపిణీ వార్త రాసేటప్పుడు ఎంతమందికి ఎంత ఇచ్చారన్నదాంతో ఆపకుండా, డబ్బు తిరిగి కట్టాలా, కడితే ఎక్కడికి పోతుంది, స్టాంపు కాగితం మీద సంతకాలు తీసుకున్నారా అని అడిగి, వచ్చిన జవాబు కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా.