ఫెజెంట్ వేటకు 7½ నంబరు తూటాలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో దక్షిణ డకోటాకు ఫెజెంట్ (కోడి జాతికి చెందిన అడవి పక్షి) వేటకు వెళ్లే తెలుగువాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధం ఇచ్చిన సూచనల్లో ఒకటి వెంటనే సరిదిద్దాలి. కొత్తవాళ్లు చిన్న పెల్లెట్లు (తూటాలో నింపే గుండ్లు) ఎక్కువగా ఉండే 7½ నంబరు తూటాలు కొనుక్కుంటే గురి తప్పదని రాశారు. గాల్లోకి విసిరే మట్టి టార్గెట్లను పగలగొట్టడానికి అది సరైన తూటాయే. ఫెజెంట్ మీద వాడితే మాత్రం పక్షి తరచుగా అక్కడికక్కడ పడదు. గాయంతో గడ్డిలోకి పరుగెత్తి, ఎవరికీ దొరక్కుండా ఎక్కడో చస్తుంది. వేటకు వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు తప్పించాల్సింది దీన్నే.

షాట్ (తూటాలోని పెల్లెట్లు) నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది. 17లోంచి నంబరు తీసేస్తే పెల్లెట్ వ్యాసం అంగుళంలో నూరో వంతుల్లో వస్తుంది. 5 నంబరుది 0.12 అంగుళం, 7½ నంబరుది 0.095. చూపుకు తేడా కొంచెమే, బరువులో మాత్రం సగానికి సగం. ఔన్సు సీసంలో 5 నంబరు పెల్లెట్లు సుమారు 170, 6 నంబరువి 225, 7½ నంబరువి 350 పడతాయి. మీ వ్యాసం ఈ 350ని చూసి మురిసిపోయింది, ఒక్కో పెల్లెట్ ఎంత లోతుకు దిగుతుందో చూడలేదు.

ఫెజెంట్ సాధారణంగా మన ముందు నుంచి లేచి, మనకు వీపు చూపిస్తూ ఎగిరిపోతుంది. అలా వెళ్తున్న పుంజు గుండెకో ఊపిరితిత్తులకో తగలాలంటే పెల్లెట్ దట్టమైన ఈకలు, కండ, పేగులు అన్నీ దాటాలి. 20 గజాల్లో 7½ కూడా పడగొట్టవచ్చు. 35 గజాలకు వచ్చేసరికి తేలిక పెల్లెట్ వేగం కోల్పోయి, ఈకల్ని చుట్టుకుని కండలోనే ఆగిపోతుంది. డిసెంబరులో ఈకలు ఇంకా ఒత్తుగా ఉంటాయి, అప్పటికి బతికిన పుంజులు మనిషి అలికిడికే దూరంగా లేచిపోతాయి.

సీసం అనుమతించిన చోట 12 గేజ్ (గొట్టం లోపలి వెడల్పు కొలత; అంకె పెరిగితే గొట్టం సన్నం) తుపాకీకి 2¾ అంగుళాల పొడవు తూటా, 1¼ ఔన్సుల 5 నంబరు షాట్, సెకనుకు 1,300 అడుగుల చుట్టుపక్కల వేగం తీసుకోవాలి. ఒకే పెట్టె కొనేవాళ్లకు నా సలహా ఇదే. అక్టోబరులో, పక్షిని పసిగట్టి నిలబడే కుక్కతో దగ్గరి వేటకైతే 6 నంబరు చాలు. సీజన్ చివర్లో, గాలి రోజుల్లో 4 నంబరు. 20 గేజ్‌కు ఔన్సు తూటాలో 5 గాని 6 గాని తీసుకుని 30 గజాలు దాటితే పేల్చకుండా ఉండాలి. పెట్టె మీద గట్టి సీసమనో, రాగి పూత ఉందనో రాసి ఉంటే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే కొనండి. చవక తూటాల్లోని మెత్తటి సీసం పేలినప్పటి ఒత్తిడికే నలిగిపోతుంది. ఆకారం చెడిన పెల్లెట్లు పక్కలకు చెదిరిపోతాయి.

సీసానికి బదులు వాడే స్టీలు పెల్లెట్ల సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. దక్షిణ డకోటాలో కొత్తవాళ్లు ఎక్కువగా వెళ్లే ప్రభుత్వ భూముల్లో ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాలు (నీటిపక్షుల సంతానోత్పత్తికి కేటాయించిన భూములు) చాలా ఉన్నాయి. అక్కడ ఫెజెంట్ వేటకైనా విషరహిత షాటే వాడాలి, జేబులో ఒక్క సీసపు తూటా ఉన్నా తప్పే. కింద పడిన పెల్లెట్లను బాతులు గులకరాళ్లనుకుని మింగుతాయి, కందనకాయలో సీసం అరిగి రక్తంలో కలుస్తుంది. ఈ కారణంతోనే నీటిపక్షుల వేటలో సీసాన్ని 1991 నుంచి దేశమంతటా నిషేధించారు.

స్టీలు సాంద్రత 7.8, సీసానిది 11 పైన. అందుకే స్టీలు తీసుకుంటే రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. 5 నంబరు సీసానికి బదులు 3 నంబరు స్టీలు, 4కు బదులు 2. బరువులు చూస్తే లెక్క తెలిసిపోతుంది: 2 నంబరు స్టీలు పెల్లెట్ 0.23 గ్రాములు, 4 నంబరు సీసం 0.21. 6 నంబరు స్టీలుతో ఫెజెంట్‌ను కొట్టడం 7½ సీసంతో కొట్టడం కన్నా నయం కాదు. పాత తుపాకీలకు, బ్యారెల్ మూతి బాగా ఇరుకుగా ఉండే ఫుల్ చోక్‌కు స్టీలు పనికిరాదు, బ్యారెల్ చివర ఉబ్బిపోతుంది. అలాంటి తుపాకీ ఉంటే ధర ఎక్కువైనా బిస్మత్ (విషం లేని మెత్తటి లోహం) తూటాలే మేలు. విడి తూటాలు కలిసిపోయి ఏది ఏదో తెలియకపోతే ఏదీ వాడకండి.

చోక్ విషయంలో తొందరపడి ఫుల్ బిగించకండి. దగ్గర లేచే పక్షికి పెల్లెట్లన్నీ పిడికిలంత చోట పడితే అయితే గురి తప్పుతుంది, లేకపోతే మాంసం తినడానికి మిగలదు. సీసానికి కొంచెమే ఇరుకైన ఇంప్రూవ్డ్ సిలిండర్ లేదా మధ్యస్థమైన మోడిఫైడ్, స్టీలుకు ఇంప్రూవ్డ్ సిలిండర్ చాలు. స్టీలు పెల్లెట్లు నలగవు కాబట్టి వాటంతట అవే దగ్గరగా వెళ్తాయి.

ఇదంతా పెట్టె మీద చదివి నమ్మితే సరిపోదు, ఒకే తూటా రెండు తుపాకుల్లో రెండు రకాలుగా పరుచుకుంటుంది. వేటకు ముందే షూటింగ్ రేంజ్‌లో 40 గజాల దూరాన పెద్ద కాగితం కట్టి పేల్చండి. పెల్లెట్లు దట్టంగా పడ్డ చోట 30 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టండి. 1¼ ఔన్సుల 5 నంబరులో సుమారు 212 పెల్లెట్లుంటాయి. మోడిఫైడ్ చోక్‌కు 60 శాతం, అంటే దాదాపు 127 వృత్తంలో పడాలి. ఒక్క కాగితంతో తేల్చకుండా కనీసం మూడు చూడండి. వృత్తంలో పక్షి పట్టేంత ఖాళీలు కనిపిస్తే తూటా గాని చోక్ గాని మార్చండి, లేదా దూరం తగ్గించుకోండి.

ప్రాణం తీసే పొరపాట్లు రెండున్నాయి. 20 గేజ్ తూటా 12 గేజ్ బ్యారెల్‌లోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. పేలలేదనుకుని వెనక 12 గేజ్ తూటా పెట్టి నొక్కితే బ్యారెల్ చేతిలోనే పగిలిపోతుంది. 20 గేజ్‌ను పసుపు రంగులో తయారుచేసేది ఇందుకే. రెండు గేజ్‌ల తూటాలు ఒకే చొక్కా జేబులో ఎప్పుడూ ఉండకూడదు. రెండోది, 3 అంగుళాల తూటా, బ్యారెల్ వెనక 2¾ అంగుళాల తూటా కోసం చేసిన చాంబర్‌లో సులువుగానే పడుతుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు లేక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. బ్యారెల్ మీద చెక్కిన అంకె చదివి కొనండి. పక్షి కింద ఆకాశం కనిపిస్తేనే పేల్చాలి, తక్కువ ఎత్తులో ఎగిరేదాన్ని వదిలేయాలి. అక్కడ కుక్కలుంటాయి, ఎదుటి వరుసలో మనుషులుంటారు.

రోజుకు మూడు పుంజులే పరిమితి, పెట్టలను కొట్టకూడదు. పుంజని గుర్తించడానికి తలో, కాలో, ఈకలున్న రెక్కో ఉంచి తీసుకెళ్లాలి. కూరకు కోసేటప్పుడు కండలోకి ఈకలు దిగిన ప్రతి చోటా వేలితో వెతకండి, పెల్లెట్ అక్కడే ఉంటుంది. స్టీలుది పంటిని విరగ్గొడుతుంది, సీసానిది పిల్లలకూ గర్భిణులకూ హాని చేస్తుంది.

ఇంకొక్క మాట. ఎఫ్‌-1, హెచ్‌-1బి వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకున్నా ఇదే వర్తిస్తుంది. లైసెన్సు ముందు, తూటాల పెట్టె తర్వాత. అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

వచ్చే సీజన్‌లోపు 7½ నంబరు సలహాను ఉపసంహరించుకుని, స్టీలు నియమాన్నీ ఈ వీసా నిబంధననూ మీ అనుబంధంలో ప్రచురించమని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సూ ఫాల్స్, దక్షిణ డకోటా